ఆడించి చూడని ఆటకు మార్కులా? ఉన్నత విద్యామండళ్ళకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ళ అధ్యక్షులకు, విశ్వవిద్యాలయాల పాఠ్యనిర్ణయ మండళ్ళ సభ్యులకు,



యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగాలను ఒక్క గొడుగు కిందికి తెచ్చి ప్రోత్సహించడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో బడ్జెట్ సందర్భంగా ఒక టాస్క్‌ఫోర్స్‌ను ప్రకటించింది. అంతకు ముందే 2016లో తెలంగాణ ప్రభుత్వం ఇమేజ్ అనే పేరుతో ఈ రంగాలకు ప్రత్యేక విధానాన్ని తెచ్చింది. పెట్టుబడులను, భవనాలను, రాయితీలను విధానాలు నిర్ణయించగలవు గాని, తరగతి గదిలో కూర్చున్న విద్యార్థికి దేనికి మార్కులు పడాలో నిర్ణయించేది పాఠ్యప్రణాళికే కనుక, ఈ లేఖ ప్రభుత్వ శాఖలకు కాక మండళ్ళకు చేరవలసి వచ్చింది. ఇందులోని విన్నపం ఒక్కటే: ఆట రూపకల్పన కోర్సులో మార్కులు ఊహకూ, ఆ ఊహను వర్ణించే పత్రానికీ, ఏడాది చివర తెరపై చూపే మెరుగుల బొమ్మలకూ కాక, ఊహను ముతకగా తయారుచేసి, ఇతరుల చేత ఆడించి, చూసినదాన్ని బట్టి మార్చుకున్న క్రమానికి పడాలి.

ముందుగా రెండు మాటల అర్థం తేల్చుకోవడం అవసరం. ఆటల తయారీదారులు ప్రోటోటైప్ అని పిలిచేది ఒక సందేహం తీర్చుకోవడానికి తక్కువ శ్రమతో, అవతల పారేయడానికి మనసు వెనుకాడనంత చవకగా చేసుకునే నమూనా. పూర్తి ఆటలోని భాగాలన్నీ అందులో ఉండనక్కరలేదు, ఉండకపోవడమే మేలు. ప్లేటెస్ట్ అంటే ఆ నమూనాను దాని తయారీలో పాలుపంచుకోని మనుషుల చేత ఆడించి, వారు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎక్కడ విసుగు చెందుతున్నారో, ఏ నియమాన్ని మరోలా అర్థం చేసుకుంటున్నారో గమనించే పని. ప్రోగ్రాములో దోషాలు వెదకడాన్ని కూడా టెస్టింగ్ అనే అంటారు కనుక రెంటినీ ఒకటిగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. దోషపరీక్ష ఆట అనుకున్నట్టే పనిచేస్తోందా అని అడుగుతుంది. ప్లేటెస్ట్ అసలు అనుకున్నది సరైనదేనా అని అడుగుతుంది. మొదటిదాన్ని నేర్పి రెండవదాన్ని వదిలేసిన పాఠ్యప్రణాళిక సాఫ్ట్‌వేర్ పాఠ్యప్రణాళిక అవుతుందే గాని ఆట రూపకల్పనకు చెందినది కాబోదు.

ఈ పరీక్ష ఇతర కళల కన్నా ఆటకు ఎందుకు ఎక్కువ అవసరమో దాని స్వభావంలోనే ఉంది. కథకుడు రాసిన వాక్యమే పాఠకుడి కంటబడుతుంది. ఆట రూపకర్త రాసే నియమాలు మాత్రం ఆటగాడి చేతిలో పడిన తరువాతే ఉత్కంఠగానో, నవ్వుగానో, విసుగుగానో మారతాయి. ఆ మార్పును లెక్కలతో ముందే పట్టుకోవచ్చు గదా అనే వారికి తెలుగు ఇళ్ళలో అందరికీ తెలిసిన అష్టాచెమ్మా ఒక్కటే సమాధానం చెప్పగలదు. నాలుగు గవ్వలు వేసినప్పుడు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా; ఈ రెండు పందేలకూ మరోసారి గవ్వలు వేసే అవకాశం వస్తుంది. గవ్వ వెల్లకిలా పడే, బోర్లా పడే అవకాశాలు సరిసమానమని కాగితం మీద అనుకుంటే చెమ్మా 16 సార్లకు ఒకసారి, అష్టా కూడా 16 సార్లకు ఒకసారి పడాలి. అంటే 100 సార్లు వేస్తే రెండూ చెరో 6 సార్లు. అయితే గవ్వ నాణెం కాదు. ఒకవైపు ఉబ్బుగా, ఒకవైపు చీలికతో ఉండే ప్రకృతి వస్తువు. అది వెల్లకిలా పడే అవకాశం 100కు 50 కాక 60 అయిందనుకుంటే చెమ్మా సుమారు 13 సార్లు పడుతుంది, అష్టా 3 సార్లకు మించదు. ఇంత చిన్న తేడాతో రెండు పందేలూ సమానమనే లెక్క తలకిందులవుతుంది, ఎవరి వంతు ఎంతసేపు సాగుతుందో మారుతుంది, ఎదురు కూర్చున్నవారి ఓపిక కూడా మారుతుంది. చేతిలో ఉన్న నాలుగు గవ్వలు ఏ కోవలోవో తెలియాలంటే వాటిని నేల మీద వందసార్లు వేసి రాసుకోవడం తప్ప దారి లేదు, అది ఒక్క తరగతి గంటలో ముగిసే పని. లెక్క అనవసరమని ఇందువల్ల తేలదు; లెక్క ఒక ఊహను చెబుతుందనీ, ఆ ఊహకు సాక్ష్యం చెప్పేది పరీక్షేననీ తేలుతుంది.

నమూనా ఎంత ముతకగా ఉండవచ్చుననే విషయంలో వృత్తిలో ఉన్నవారి అనుభవం కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది. ఎరిక్ జిమ్మర్‌మన్ బృందం సిసీఫైట్ 2000 అనే ఆన్‌లైన్ ఆటను తయారుచేసేటప్పుడు తొలి రూపాన్ని కంప్యూటర్ మీద కాక, బల్ల చుట్టూ కూర్చుని, అంటించుకునే చిన్న కాగితపు చీటీలతో ఆడి చూసింది. దేశదేశాల్లో వ్యాధులు వ్యాపిస్తుండగా ఆటగాళ్ళందరూ కలిసి ఎదుర్కొనే పాండెమిక్ అనే బల్లమీది ఆట 2008లో వెలువడింది. దాని రూపకర్త మ్యాట్ లీకాక్ మొదట మామూలు పేకముక్కలతోనే నమూనా కట్టుకున్నాడు. ఆ ఆటలో వ్యాధి సోకిన నగరాల ముక్కలను కలిపి తిరిగి కట్ట అడుగున కాక కట్ట పైనే పెట్టాలనే ఒక్క నియమం వల్ల, ఇప్పటికే దెబ్బతిన్న ఊళ్ళే మళ్ళీ దెబ్బతింటాయని ఆటగాళ్ళకు ముందే తెలిసి గుండెలు దడదడలాడతాయి. ఈ నియమం విలువ తెలుసుకోవడానికి రంగుల పటమూ అక్కరలేదు, ప్లాస్టిక్ ఘనాలూ అక్కరలేదు, పేకకట్ట ఒకటి ఉంటే చాలు.

పెద్ద సంస్థలు కూడా ఈ పొదుపును వదులుకోలేదు. నింటెండో సంస్థ 2017లో విడుదల చేసిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ విశాలమైన త్రిమితీయ ప్రపంచంలో సాగే ఆట, అయినా ఆ ప్రపంచంలో నిప్పు, నీరు, గాలి, వస్తువులు ఒకదానిపై ఒకటి ఎలా ప్రభావం చూపాలో తేల్చుకోవడానికి దాని రూపకర్తలు 1986 నాటి తొలి జెల్డా ఆటను పోలిన, పైనుంచి చూసే చదునైన ద్విమితీయ నమూనాను తయారుచేసుకున్నారు. కొండలూ కోనలూ గీయకముందే ఆట పట్టు ఎక్కడుందో ఆ చదును పటం మీద వారికి తెలిసింది. అలాగని కాగితం అన్నిటికీ సరిపోతుందని కాదు. పాత్ర గెంతినప్పుడు చేతికి తెలిసే బరువు, పరుగులో మలుపు తిరిగే తీరు వంటివాటిని కాగితం చెప్పలేదు. వాటికి రంగూ రూపూ లేని బూడిదరంగు దిమ్మెలతో కట్టిన కంప్యూటర్ నమూనా కావాలి. నియమాల గురించిన ప్రశ్నకు కాగితం, చేతి స్పర్శ గురించిన ప్రశ్నకు దిమ్మెలు, చూపు గురించిన ప్రశ్నకు బొమ్మ అని ఎంచుకోగలగడమే విద్యార్థి నేర్చుకోవలసిన వివేకం. ఏ ప్రశ్నకూ సమాధానం వెదకని నమూనా ఎంత అందంగా ఉన్నా దాన్ని ప్రదర్శనవస్తువుగానే లెక్కించాలి.

నమూనా తరువాత వచ్చే మెట్టు ఆడించి చూడటం, ఇందులో కష్టమైన భాగం తయారుచేసినవారు నోరు మూసుకోవడం. 1996లో స్థాపితమైన వాల్వ్ సంస్థ తన మొదటి ఆట హాఫ్-లైఫ్‌ను 1997లో విడుదల చేయాలనుకుని, చేతిలో ఉన్నది తమకే నచ్చక చాలావరకు తిరగదోడి, 1998 నవంబరులో విడుదల చేసింది. ఆ రెండవ ప్రయత్నంలో బయటినుంచి పిలిచిన ఒక ఆటగాడు సుమారు రెండు గంటలపాటు ఆడుతుంటే, ఆ భాగాన్ని తయారుచేసినవారు వెనుక కూర్చుని, సలహా గాని సాయం గాని అందించకుండా రాసుకుంటూ ఉండేవారు. అటువంటి పరీక్షలు 200కు పైగా జరిగాయి. తాము స్పష్టంగా ఉందనుకున్న తలుపును ఆటగాడు పది నిమిషాలు వెదుకుతుంటే చూస్తూ ఊరుకోవడం ఎవరికైనా ప్రాణసంకటమే. అయితే ఆట ఇంటికి చేరిన తరువాత రూపకర్త ఆటగాడి పక్కన కూర్చుని దారి చూపలేడు గదా. పరీక్ష గదిలో ఒక్క మాట సాయం చేసినా ఆ పరీక్ష విలువ అక్కడితో పోతుంది.

మౌనంగా చూసిన దానివల్ల ఎటువంటి ఫలితం దక్కుతుందో చెప్పడానికి అదే సంస్థ 2007లో తెచ్చిన పోర్టల్ ఆట మంచి ఉదాహరణ. అందులో ఒక ఘట్టంలో ఆటగాడు ఒక పెట్టెను మొదటినుంచి చివరిదాకా వెంట మోసుకుపోవాలి. పరీక్షల్లో చూస్తే చాలామంది దాన్ని ఎక్కడో వదిలేసి ముందుకు పోయి, ఆ పైన దారి తోచక నిలబడిపోయారు. దీనికి తేలికగా తోచే మందు పెట్టెను వదలవద్దని తెరపై ఒక హెచ్చరిక రాయడం. రూపకర్తలు ఆ పని చేయక, పెట్టెపై గులాబీరంగు హృదయం గుర్తు వేసి, దాన్ని తోడుగా చూసుకొమ్మని ఆటలోని గొంతు చేత చెప్పించి, ఆటగాడికి దానిపై మమకారం పుట్టేట్టు చేశారు. ఆటగాళ్ళు చూపించింది నొప్పి ఎక్కడుందో మాత్రమే. మందు కనిపెట్టింది రూపకర్తలు. ఆడించి చూస్తే ఆట పదిమంది ఓట్ల పాలవుతుందని భయపడేవారు గమనించవలసిన తేడా ఇదే.

2012లో వెలువడిన జర్నీ ఆట తయారీలో మరో విధమైన పాఠం ఉంది. ఎడారిలో ఇద్దరు అపరిచితులు ఒకరికొకరు తోడుగా నడిచే అనుభవం కలిగించాలన్నది దాని రూపకర్త జెనోవా చెన్ ఉద్దేశం. ఒకరినొకరు నెట్టుకునే వీలు ఉన్న నమూనాను ఆడించి చూస్తే, ఆటగాళ్ళు సాయపడటం మాని ఎదుటివారిని గోతుల్లోకి తోయడంలో ఆనందం వెదుక్కున్నారు. ఆటగాళ్ళు చెడ్డవారని విసుక్కోకుండా, నియమం వారిని ఎటు లాగుతున్నదో చూసిన బృందం, శరీరాలు గుద్దుకునే వీలునే తీసివేసి, దగ్గరికి వచ్చి తాకితే ఇద్దరికీ శక్తి చేకూరేట్టు మార్చింది. రూపకర్త సదుద్దేశం పత్రంలో ఎంత చక్కగా రాసి ఉన్నా, ఆటగాడి ప్రవర్తనను నడిపేది నియమమేనని ఈ ఒక్క మార్పు చెబుతుంది.

చూసిన తరువాత ఎంత మార్చాలన్నది మూడవ మెట్టు. సివిలైజేషన్ ఆటల రూపకర్త సిడ్ మేయర్ పాటించిన సూత్రం ఇక్కడ ప్రసిద్ధమైనది: ఏదైనా అంకె సరిగా లేదనిపిస్తే అయిదు శాతమో పది శాతమో కదపకుండా, దాన్ని రెట్టింపు చేయాలి లేదా సగం చేయాలి. 1991లో వచ్చిన మొదటి సివిలైజేషన్ విడుదలకు సిద్ధమవుతున్న దశలో ఆట సాగుతూ నీరసంగా ఉందనిపించి ఆయన ప్రపంచపటం పరిమాణాన్ని సగానికి తగ్గించాడు. చిన్న మార్పుల ఫలితం ఆటగాడి మనఃస్థితిలోనూ అదృష్టంలోనూ కలిసిపోయి కంటికి ఆనదు. పెద్ద మార్పు తప్పయినా సరే ఆ తప్పు వెంటనే తెలుస్తుంది.

ఈ సూత్రాన్ని తరగతిలో నేర్పడానికి పులిజూదం కన్నా మంచి పరికరం దొరకదు. ప్రాంతాన్ని బట్టి తేడాలున్నా, బాగా వాడుకలో ఉన్న రూపంలో 23 కూడళ్ళ పటం మీద 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది, మేకలు పులులను కదలకుండా కట్టడి చేసి గెలుస్తాయి. రెండు పక్షాల బలాలూ వేరు, లక్ష్యాలూ వేరు, అయినా పోటీ బిగువుగా సాగుతుంది. విద్యార్థులను రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టును మేకలను 7కు తగ్గించి పది ఆటలు ఆడమనాలి. పులులను చుట్టుముట్టడానికి మందే చాలదని రెండు మూడు ఆటలలోనే తేలిపోతుంది. రెండవ జట్టును మేకలను 30 చేయమనాలి. పులులు పోగా పటంపై మిగిలేవి 20 కూడళ్ళే కనుక, మేకలు చస్తే తప్ప కొత్తవాటికి చోటుండదని వారు మొదటి ఆటలోనే కనుగొంటారు; మేకల సంఖ్య విడిగా నిలిచే అంకె కాదనీ, పటంలోని ఖాళీతో ముడిపడి ఉందనీ ఉపన్యాసం అక్కరలేకుండానే వారికి బోధపడుతుంది. ఆ తరువాత 12, 18 అంకెలతో ఆడి, ఎవరు ఎన్నిసార్లు గెలిచారో, ఒక్కో ఆట ఎంతసేపు సాగిందో, ఏ ఎత్తు దగ్గర ఆటగాడు చేతులెత్తేశాడో పుస్తకంలో రాసుకుంటే, తరతరాలు ఆడి నిలిపిన 15 అనే అంకె వెనుక ఉన్న పని ఎంతటిదో అర్థమవుతుంది.

విద్యార్థులు ఈ పద్ధతిలో ఎంత దూరం పోగలరన్న సందేహానికి సమాధానం 2005 సంవత్సరంలో ఉంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు ఎక్స్‌పెరిమెంటల్ గేమ్‌ప్లే ప్రాజెక్ట్ అనే పేరుతో ఒక సెమిస్టర్‌లో 50కి పైగా చిన్న ఆటలు తయారుచేశారు. వారు పెట్టుకున్న నిబంధనలు మూడు: ప్రతి ఆటా ఏడు రోజుల లోపే ముగియాలి, ఒక్కరే తయారుచేయాలి, అందరూ ఒకే ఇతివృత్తం చుట్టూ పనిచేయాలి. వాటిలో చాలావాటి పేరు నేడు ఎవరికీ గుర్తులేదు. కైల్ గాబ్లర్ చేసిన టవర్ ఆఫ్ గూ అనే నమూనా మాత్రం పెరిగి 2008లో వరల్డ్ ఆఫ్ గూ అనే పేరున్న ఆటగా రూపొందింది. అదే 2005లో డిజిపెన్ సంస్థ విద్యార్థులు నార్బాక్యులర్ డ్రాప్ అనే ఆటను తయారుచేశారు; గోడల మీద ద్వారాలు తెరిచే దాని ఊహను చూసిన వాల్వ్ సంస్థ ఆ బృందాన్ని ఉద్యోగాల్లోకి తీసుకుంది, పైన చెప్పిన పోర్టల్ ఆ ఊహ నుంచే పుట్టింది. ఒక నమూనా ఆటగా ఎదగడానికి పక్కన పదుల నమూనాలు ఎండిపోవాలి. ఆ ఎండిపోయినవాటికి సున్నా మార్కులు వేసే మూల్యాంకనం విద్యార్థికి నేర్పేది ఒక్కటే: మొదటి ఊహనే పట్టుకుని, దానికి మెరుగులు దిద్ది, ఎవరి చేతికీ ఇవ్వకుండా పరీక్షాధికారి ముందుకు తెచ్చిపెట్టడం.

దీనికి రాగల అభ్యంతరాలు మూడు. ఆట బాగుందో లేదో అన్నది అభిరుచికి సంబంధించినది కనుక మార్కులు నిష్పాక్షికంగా వేయలేమన్నది మొదటిది. ఇక్కడ మార్కులు కోరుతున్నది ఆట బాగున్నందుకు కాదు. ఏ ప్రశ్నతో నమూనా చేశారు, ఎవరి చేత ఆడించారు, ఏం చూశారు, ఏం మార్చారు, మార్పు తరువాత ఏమైంది అనే అయిదు గడుల పరీక్షా పుస్తకానికి, దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. విజ్ఞానశాస్త్ర విద్యార్థుల ప్రయోగశాల రికార్డుకు దశాబ్దాలుగా మార్కులు వేస్తున్న వ్యవస్థకు ఇది కొత్త పని కాబోదు. రెండవది ఖర్చు. అట్టముక్కలు, చింతగింజలు, గవ్వలు, పాత పేకకట్టలు అందుబాటులో లేని ఊరు తెలుగునాట లేదు కనుక, నాణ్యమైన కంప్యూటర్ ప్రయోగశాల లేని కళాశాలలకు నిజానికి ఈ పద్ధతే మేలు చేస్తుంది. మూడవది స్నేహితుల మొహమాటం: పక్క బెంచీవాడి ఆటను ఎవరూ బాగాలేదనరు. ఈ అభ్యంతరం సరైనదే, అందుకే ఆడేవారు తరగతి బయటివారై ఉండాలి, వారి మెప్పును కాక వారి చేతలను రాసుకోవాలి. ఆట ముగిసిన తరువాత ఆటగాడు చెప్పే బాగుందన్న మాట కన్నా, మధ్యలో ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాడన్నది నమ్మదగిన సాక్ష్యం.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. ఆట కథను, పాత్రలను, నియమాలను, తెరల వరుసను వివరించే గేమ్ డిజైన్ డాక్యుమెంట్ అనే పత్రం బృందంలోని పదిమందికీ ఒకే అవగాహన కలిగించడానికి అవసరమే. అయితే కృత్రిమమేధ సాధనాలు నలభై పుటల పత్రాన్ని నిమిషాల్లో రాసిపెట్టే కాలంలో ఆ పత్రాన్ని విద్యార్థి నైపుణ్యానికి కొలబద్దగా ఉంచుకోవడం ఇక కుదరదు. ఎదుట కూర్చున్న మనిషి ఏడవ ఎత్తు దగ్గర ఎందుకు ఆగిపోయాడో ఆ సాధనం చూడలేదు. చూసిన విద్యార్థే చెప్పగలడు.

కావున మండళ్ళు ఈ అయిదు మార్పులను పరిశీలించవలసిందిగా ప్రార్థన. ఆట రూపకల్పన కోర్సుల్లో మొదటి సెమిస్టర్ కంప్యూటర్ లేకుండా, కాగితపు నమూనాలతోనే సాగాలి. ప్రతి సెమిస్టర్‌లోనూ విద్యార్థి ఒక పెద్ద ప్రాజెక్టుకు బదులు కనీసం మూడు చిన్న నమూనాలు చేసి, వాటిలో రెంటిని కారణాలు రాసి విడిచిపెట్టగలగాలి, విడిచిపెట్టిన వాటికీ మార్కులుండాలి. అంతర్గత మార్కులలో సగమైనా పరీక్షా పుస్తకానికి కేటాయించాలి. ఆడేవారిగా ఇతర విభాగాల విద్యార్థులను, వారి పెద్దలను, తల్లిదండ్రుల అనుమతితో దగ్గరి పాఠశాలల పిల్లలను పిలిచే ఏర్పాటు కళాశాలే చేయాలి. చివరగా, వైవా జరిపే పరీక్షాధికారి విద్యార్థి వివరణ వినడానికి ముందు ఆ ఆటను స్వయంగా, విద్యార్థి నోటి సాయం లేకుండా ఆడి చూడాలి.

వీటిలో దేనికీ కొత్త భవనం గాని, విదేశీ సాఫ్ట్‌వేర్ గాని అక్కరలేదు. పులిజూదం పటం గీయడానికి ఒక సుద్దముక్క, ఆడటానికి 18 గులకరాళ్ళు, ఎదుట కూర్చోవడానికి ఒక కొత్త మనిషి ఉంటే చాలు. వచ్చే విద్యాసంవత్సరపు తొలి తరగతిని ఆ సుద్దముక్కతో మొదలుపెట్టించవలసిందిగా మండళ్ళకు సవినయ విజ్ఞప్తి.

ఇట్లు,
తెలుగునాట ఆటల రూపకల్పన విద్య మేలు కోరేవారు